బహామాస్‌లో ఒక్క టెస్ట్ బావికే అంత గొడవ ఎందుకు? రిగ్ మీద పనిచేసినవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బహామాస్ చిన్న ద్వీప దేశం, ఆదాయంలో ఎక్కువ భాగం టూరిజందే, 2020లో కోవిడ్ వచ్చి అదీ మూతపడింది. అలాంటి టైమ్‌లో ఒక కంపెనీ సముద్రంలో చమురు ఉందో లేదో చూడటానికి ఒకే ఒక్క బావి తవ్వుతానంటే జనం సంతకాలు, కోర్టు కేసులు అంటూ ఎందుకు అంత గొడవ చేశారు, దొరికితే బాగుపడేది వాళ్ళే కదా, అని. చివర్లో ‘మీరైతే ఆ రిగ్ మీద పనిచేసేవారా’ అని కూడా అడిగారు. కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నానన్నారు కాబట్టి కొంచెం మన పని భాషలోనే చెబుతాను.

సూటి జవాబు: నా లెక్కలో వాళ్ళు వద్దనడం సబబే. బావి పేలే అవకాశం చాలా తక్కువ, అందులో వాదన లేదు. కానీ పేలితే పోయేది వాళ్ళ బతుకుతెరువు మొత్తం, దొరికితే వాళ్ళకి వచ్చేది ఒక వాటా. పైగా ‘మిమ్మల్ని అడిగాకే’ అని మాట ఇచ్చి అడగకుండా తవ్వారు. నన్నడిగితే ఆ కోపంలో సగం చమురు మీద కాదు, ఈ అడగకపోవడం మీదే.

నేను మడ్ ఇంజనీర్‌ని. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే మడ్ (బురదలాంటి ద్రవం, దాని బరువే కింది గ్యాస్‌ని, నూనెని ఆపి ఉంచుతుంది) బరువు, చిక్కదనం చూసుకునే పని. కేజీ బేసిన్‌లో, ముంబై ఆఫ్‌షోర్‌లో, కొన్నాళ్ళు పశ్చిమ ఆఫ్రికాలో కలిపి 19 ఏళ్ళు చేశాను. బహామాస్‌కి నేను వెళ్ళలేదు, కానీ ఆ బావి కథ మొదటి నుంచీ ఫాలో అయ్యాను, దాని పర్యావరణ నివేదిక కూర్చుని చదివాను (వందల పేజీలు, నిద్ర పట్టనివాళ్ళకి బాగా పనికొస్తుంది). చమురు కూడు తిన్నవాడివి నువ్వే ఇలా అంటావా అని మా పాత రిగ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే తిట్లు తిన్నాను, కాబట్టి కొత్తగా తిట్టేవాళ్ళు లైన్లో రండి.

ముందు జరిగిందేమిటో చెప్పుకుందాం. కంపెనీ పేరు బహామాస్ పెట్రోలియం కంపెనీ. పేరు చూసి ప్రభుత్వ సంస్థ అనుకునేరు, అది లండన్‌లో చిన్న కంపెనీల షేర్ మార్కెట్ అయిన ఏఐఎంలో లిస్టయిన చిన్న ప్రైవేటు కంపెనీ. దానికి లైసెన్సులు 2007లో వచ్చాయి. అక్కణ్ణుంచి 13 ఏళ్ళు నానాక, 2020 డిసెంబర్ 20న స్టెనా ఐస్‌మ్యాక్స్ అనే డ్రిల్ షిప్ ఆండ్రోస్ ద్వీపానికి పడమరగా, క్యూబా సముద్ర సరిహద్దుకి దగ్గర్లో, 500 మీటర్ల పైచిలుకు నీటిలో బావి మొదలుపెట్టింది. అసలు మంచు సముద్రాల్లో కూడా పని చేసేలా కట్టిన షిప్ అది, దాన్ని తెచ్చి వెచ్చటి నీళ్ళలో నిలబెట్టారు. బావి పేరు పర్సివరెన్స్-1, అంటే పట్టుదల. కంపెనీ ఆశ పెట్టుకున్నది 77 కోట్ల బ్యారెళ్ళ మీద.

ఇక ‘ఒక్క టెస్ట్ బావే కదా’ అన్న మాటకి వద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు పొరపాటు అక్కడే ఉంది.

మన పనిలో అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది టెస్ట్ బావికే. డెవలప్‌మెంట్ బావి, అంటే చమురు ఉందని తేలిన చోట వేసేది, తవ్వేటప్పుడు చుట్టూ పది బావుల డేటా చేతిలో ఉంటుంది, ఏ లోతులో ప్రెషర్ ఎంత, ఏ పొర ఎంత బరువుకి పగులుతుంది, అన్నీ ఎవరో ఒకరు ముందే దెబ్బలు తిని రాసిపెట్టి ఉంటారు. కొత్తచోట వేసే వైల్డ్‌క్యాట్ బావికి సీస్మిక్ బొమ్మ (ధ్వని తరంగాలతో తీసిన నేల లోపలి బొమ్మ) ఉంటుంది, జియాలజిస్టు ధీమా ఉంటుంది, అంతే. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 2010 ఏప్రిల్ 20న పేలిన బీపీ కంపెనీ బావి మకొండో ఎక్స్‌ప్లోరేషన్ బావే, అంటే టెస్ట్ బావే. 11 మంది చనిపోయారు, 87 రోజులు చమురు కారింది. 1979లో మెక్సికో తీరంలో పేలిన ఇక్స్‌టాక్-1 కూడా ఎక్స్‌ప్లోరేషన్ బావే, అది 50 మీటర్ల నీటిలోనే, అయినా దాన్ని మూయడానికి తొమ్మిది నెలలు దాటింది. బహామాస్‌లో అయితే దీనికి ముందు 1947 నుంచి 1986 దాకా తవ్వినవి మొత్తం ఐదే బావులు. అంత పెద్ద సముద్రానికి ఐదు.

ఇంకో సంగతి, ఇది మడ్ ఇంజనీరుకి తప్ప ఇంకెవరికీ పెద్దగా పట్టదు. బహామాస్ కింద ఉన్నది కిలోమీటర్ల మందాన సున్నపురాయి. సున్నపురాయి అంటే పగుళ్ళు, బొరియలు, గుహలు. లాంగ్ ఐలండ్‌లో డీన్స్ బ్లూ హోల్ అని ఉంది, 200 మీటర్ల పైన లోతు, ఊపిరి బిగబట్టి దూకే డైవర్లు ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి వస్తారు. పైన ఉంటే అది టూరిస్ట్ స్పాట్. అలాంటి బొరియే రాయి లోపల బిట్‌కి (తవ్వే మొనకి) తగిలిందనుకోండి, పంపిన మడ్ అంతా అందులోకి పోతుంది, పైకి చుక్క తిరిగి రాదు. మేం దాన్ని టోటల్ లాస్ అంటాం. బావిలో మడ్ మట్టం పడిపోతే కింద ఒత్తిడి తగ్గుతుంది, తగ్గితే పక్క పొరలో గ్యాసో నూనో ఉంటే అది దారి చూసుకుని పైకి వస్తుంది. ఒకవైపు మడ్ పోతూ ఉంటుంది, ఇంకోవైపు గ్యాస్ వస్తూ ఉంటుంది. బరువు పెంచితే ఇంకా పోతుంది, తగ్గిస్తే ఇంకా వస్తుంది. ఆ పరిస్థితిలో నిలబడినవాడికి తెలుస్తుంది దాని టెన్షన్.

నా కేసు ఒకటి చెబుతాను. 2011లో, రాజమండ్రి నుంచి హెలికాప్టర్‌లో వెళ్ళే ఒక డీప్‌వాటర్ రిగ్ మీద ఉన్నాను. రాత్రి రెండున్నర దాటింది, గ్యాలీ (రిగ్ వంటగది) నుంచి టీ తెచ్చుకుని మడ్ ల్యాబ్‌లో కూర్చున్నా. బావి నుంచి తిరిగొచ్చే మడ్‌ని స్క్రీన్ మీద గమనించే మడ్ లాగింగ్ యూనిట్‌లో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు, ‘సార్, యాక్టివ్ పిట్‌లో ఆరు బ్యారెళ్ళు పెరిగింది, మీరేమైనా ట్రాన్స్‌ఫర్ చేస్తున్నారా?’ అని. నేను చేయట్లేదు. పంప్ రూమ్‌లో అడిగా, వాళ్ళూ చేయట్లేదు. అంటే కింది నుంచి ఏదో బావిలోకి దూరి మడ్‌ని పైకి, మా పిట్ అనే తొట్టెలోకి తోస్తోంది. ఈ రెండు ఫోన్లు అయ్యేలోగా ఆరు కాస్తా పద్నాలుగు అయింది. డ్రిల్లర్ పంపులు ఆపి చూశాడు, పంపులు ఆగినా బావి పారుతూనే ఉంది. వెంటనే బీఓపీ (బావి నోటి దగ్గర ఉండే పెద్ద అత్యవసర వాల్వు) మూసేశాడు. తర్వాత రెండు రోజులు బరైటీస్ బస్తాల లెక్క తప్ప నాకు ఇంకేమీ గుర్తులేదు. మడ్‌కి బరువు రావడానికి కలిపే ఆ పొడి మన కడప దగ్గర మంగంపేటలో తవ్వుతారు, అక్కణ్ణుంచి ప్రపంచంలో చాలా రిగ్గులకి వెళ్తుంది. బరువైన మడ్ పంపి, మెల్లగా గ్యాస్‌ని బయటికి తోసి, బావిని చంపాం. చంపడం అనే అంటాం. ఒడ్డున ఎవరికీ తెలియలేదు, పేపర్లో రాలేదు, రోజువారీ రిపోర్టులో నాలుగు లైన్లు పడ్డాయి.

ఇది ఎందుకు చెప్పానంటే, సిస్టమ్ పనిచేసింది కదా అని మీరు అనొచ్చు, నిజమే, పనిచేసింది. నూటికి తొంభైతొమ్మిది సార్లు కాదు, ఇంకా ఎక్కువసార్లే పనిచేస్తుంది. కానీ ఆ రాత్రి అది పనిచేసింది ఆ కుర్రాడు కునుకు తీయకుండా స్క్రీన్ చూస్తున్నందుకు. ఆండ్రోస్‌లో పడవ నడుపుకునేవాడికి ఆ కుర్రాడెవరో తెలీదు, వాడు మేలుకున్నాడో లేదో చూసుకునే వీలూ లేదు. తన బతుకు మాత్రం వాడి చేతిలో పెట్టమంటున్నారు.

పేలితే సాయం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఇంకో ప్రశ్న. మకొండో తర్వాత కంపెనీలు కలిసి క్యాపింగ్ స్టాక్‌లు తయారుచేసి పెట్టుకున్నాయి, బావి నోటికి బిగించే పెద్ద ఇనుప మూత అనుకోండి. వాటిని హ్యూస్టన్ లాంటి కొన్ని చోట్ల మాత్రమే ఉంచుతారు. ఓడెక్కించి తేవాలి, బావి దగ్గర దించాలి, బిగించాలి. అన్నీ కలిసొస్తే రోజుల పని, రాకపోతే వారాలు. ఈలోగా చమురు ఊరుకోదు కదా. ఫ్లోరిడాకీ బహామాస్‌కీ మధ్య నుంచి గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరంగా పరిగెడుతుంది, ఒకవైపు బిమిని, ఇంకోవైపు మయామి తీరం. ఇసుక బీచ్ మీద చమురు పడితే గీకి ఎత్తేయొచ్చు. మడ చెట్ల వేళ్ళకి, పగడపు దిబ్బలకి అంటుకుంటే తీసే మార్గం లేదు. కోరింగ మడ అడవిలో పడవెక్కి తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ వేళ్ళ మధ్య చెయ్యి కూడా దూరదు.

ఇప్పుడు డబ్బు. ఒప్పందం ప్రకారం ప్రభుత్వానికి వచ్చేది రాయల్టీ, 12.5 శాతం నుంచి మొదలై ఉత్పత్తి పెరిగే కొద్దీ 25 శాతం దాకా. తక్కువేం కాదు. ఆదాయపు పన్నే లేని దేశం అది, ఖజానా నడిచేది ఎక్కువగా వ్యాట్ మీద, కస్టమ్స్ మీద, ఆ రెండూ టూరిస్ట్ దిగితేనే వచ్చేవి. 2019లో ఆ దేశానికి వచ్చినవాళ్ళు 70 లక్షల పైన, జనాభా చూస్తే దాదాపు 4 లక్షలు. మన కాకినాడ, చుట్టుపక్కల కలిపితే ఆ జనాభా వస్తుంది. ఉద్యోగాల్లో దాదాపు సగం టూరిజం చుట్టూ తిరిగేవే. హోటల్లో దుప్పట్లు మార్చే అమ్మాయి, టాక్సీ అతను, రాజధాని నాసావులో పాటర్స్ కే దగ్గర బ్రిడ్జి కింద కంక్ (శంఖం జీవి) సలాడ్ కోసి ఇచ్చేవాడు. ఆ కంక్ సలాడ్ ఎలా చేస్తారో వీడియోలో చూడండి: పెద్ద శంఖం వెనక చిన్న రంధ్రం కొట్టి, కత్తి దూర్చి, లోపలి జీవిని బయటికి లాగి, ఉల్లిపాయ, టమాటా, మిరపకాయతో సన్నగా తరిగి నిమ్మరసం పిండి పచ్చిగానే ఇస్తారు. పచ్చిగా. ఆ నీళ్ళలో చమురు ఉందన్న పుకారు చాలు, ఆ సాయంత్రం నుంచి వాడి బండి దగ్గరికి ఎవరూ రారు.

టూరిజంలో ఇదే చిక్కు. నిజంగా చమురు ఒడ్డుకి చేరనక్కర్లేదు, చేరిందని జనం అనుకుంటే చాలు. 2010లో ఫ్లోరిడా బీచ్‌లు చాలావరకు శుభ్రంగానే ఉన్నాయి, అయినా బుకింగులు రద్దవుతుంటే, మా బీచ్‌లు బాగానే ఉన్నాయి రండి అని యాడ్లు వేసుకోవడానికి ఆ రాష్ట్రానికి బీపీ 2.5 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. మా మేనకోడలు టాంపాలో ఉంటుంది, వాళ్ళకి ఈ బహామాస్ క్రూజ్ అంటే మనకి పాపికొండలు పోయొచ్చినట్టు, లాంగ్ వీకెండ్ వస్తే నలుగురు తెలుగు కుటుంబాలు కలిసి బుక్ చేసేస్తారు. మొన్న ఒకసారి సముద్రపు నాచు కొట్టుకొచ్చిందని ఎవరో ఫోటో పెడితే ఆ ట్రిప్ మార్చి వేరే చోటికి వెళ్ళారు. నాచుకే! నల్లటి తెట్టు ఫోటో ఒక్కటి ఫోన్లలో తిరిగితే ఇక చెప్పేదేముంది.

అదే ఏడాది వాళ్ళ కళ్ళ ముందు ఒక ఉదాహరణ కూడా జరిగింది. 2020 జూలైలో వకాషియో అనే ఓడ మారిషస్ దగ్గర పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టులో దాన్నుంచి కారింది సుమారు 1,000 టన్నుల ఇంధనం. మకొండోతో పోలిస్తే అది చెంచాడు. కానీ మారిషస్ కూడా బీచ్‌ల మీద బతికే ద్వీపమే, మన తెలుగువాళ్ళు తరాలుగా ఉన్న చోటు, ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. జనం చెరుకాకు బట్ట సంచుల్లో కుక్కి, కుట్టి, తాళ్ళుగా చేసి నీళ్ళలో వదిలారు చమురు ఆపడానికి. కొంతమంది జుట్టు కత్తిరించి ఇచ్చారు, జుట్టుకి చమురు అంటుకుంటుందని. నెలాఖరుకి వేలాది మంది రాజధాని వీధుల్లోకి వచ్చారు. ఆ వీడియోలు చూసినవాడికి నాలుగు నెలల తర్వాత మీ దగ్గర డ్రిల్ షిప్ పెడుతున్నాం అంటే ఎలా ఉంటుంది?

ఇక అడగకపోవడం సంగతి. మకొండో పేలిన 2010లోనే అప్పటి బహామాస్ ప్రభుత్వం చమురు అన్వేషణ దరఖాస్తులు చూడటం ఆపేసింది. 2012లో వచ్చిన ప్రభుత్వం రెఫరెండం, అంటే జనం ఓటు, పెడతామంది. 2013లో పర్యావరణ మంత్రి మాట మార్చి, ముందు టెస్ట్ బావి తవ్వనివ్వండి, చమురు ఉందని తేలితే అప్పుడు ఓటు పెడదాం అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది కదా, లేని చమురుకి ఓటెందుకు అని. కానీ జనానికి భయం ఉన్నదే ఆ తవ్వడం మీద, తవ్వేశాక ఓటు దేనికి? పైగా చమురు పడ్డాక, కోట్ల డాలర్లు కళ్ళ ముందు ఆడుతుంటే, వద్దనే ప్రభుత్వం ఎక్కడైనా ఉంటుందా?

ఆ రెఫరెండం ఎప్పటికీ రాలేదు. 2020 ఫిబ్రవరిలో పర్యావరణ అనుమతి వచ్చింది, ఆ వెంటనే కోవిడ్. దేశంలో లాక్‌డౌన్లు, కర్ఫ్యూలు. జనం గుమికూడి ఊరేగింపు తీయలేని ఏడాదిలో ఈ పని ముందుకు నడిచింది. అప్పటి ప్రధాని హ్యూబర్ట్ మినిస్ స్వయంగా నాకు డ్రిల్లింగ్ ఇష్టం లేదు అన్నారు, కానీ పాత ఒప్పందం చేతులు కట్టేసిందన్నారు. అంటే జనానికి ఇష్టం లేదు, ప్రధానికి ఇష్టం లేదు, బావి మాత్రం తవ్వబడుతోంది. ‘అవర్ ఐలండ్స్, అవర్ ఫ్యూచర్’ అనే కూటమి, వాటర్‌కీపర్స్ బహామాస్ అనే పర్యావరణ సంస్థ కలిసి డిసెంబర్‌లో కోర్టుకి వెళ్ళాయి. కోర్టు కేసు వినడానికి ఒప్పుకుంది కానీ తవ్వకం ఆపలేదు.

ఒక చిన్న సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. బహామాస్‌లో డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నాసావు గ్రూపర్ చేప పట్టడం నేరం, అది గుడ్లు పెట్టే కాలం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు వేట నిషేధం ఉంటుందే, అలాంటిది. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే డ్రిల్ షిప్ వచ్చి పని చేసుకుని వెళ్ళింది. పూట గడవడానికి ఆ చేప ఒక్కటి కూడా పట్టకూడదు, బావి మాత్రం వేయొచ్చు. చేపలు పట్టేవాడు ఇది మర్చిపోతాడా?

డోరియన్ సంగతి కూడా చెప్పాలి. 2019 సెప్టెంబర్‌లో ఆ తుఫాను అబాకో, గ్రాండ్ బహామా ద్వీపాలని తుడిచిపెట్టింది, కేటగిరీ 5. గ్రాండ్ బహామాలోని సౌత్ రైడింగ్ పాయింట్ చమురు టెర్మినల్‌లో ట్యాంకుల మూతలు గాలికి ఎగిరిపోయి ముడి చమురు చుట్టుపక్కల నేల మీద, పైన్ చెట్ల మీద పడింది. ఇల్లు పోయినవాడు ఇంకా టార్పాలిన్ కింద ఉండగానే ఇంకో చమురు కబురు వచ్చిందన్నమాట. తుఫాను అంటే ఏమిటో కోనసీమవాళ్ళకి చెప్పక్కర్లేదు, 1996 నవంబర్ మేమూ చూశాం.

ఇప్పుడు రెండో వైపు, ఎందుకంటే ఉద్యమకారులు చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. డ్రిల్లింగ్ మొదలైతే చాలు సముద్రం చచ్చిపోతుంది అన్నట్టు కొంతమంది రాశారు, అది అబద్ధం. ప్రపంచంలో వేల ఆఫ్‌షోర్ బావులు ఏ గొడవా లేకుండా తవ్వి మూసేశారు. క్యూబా 2012లో తన సముద్రంలో స్కారబియో 9 అనే రిగ్‌తో తవ్వించింది, బహామాస్ వద్దన్నా పక్కవాడు తవ్వితే చమురుకి సరిహద్దు తెలీదు. అప్పట్లో బహామాస్ కరెంటు దాదాపు అంతా తయారయ్యేది బయటి నుంచి తెచ్చిన చమురుతోనే, ఫ్రీపోర్ట్‌లో ఆ ప్రాంతంలోనే పెద్ద చమురు నిల్వ టెర్మినల్ ఎప్పటి నుంచో ఉంది. క్రూజ్ షిప్పులు మాత్రం పూజ చేసుకొస్తున్నాయా? ప్రిన్సెస్ క్రూజ్ లైన్స్ నూనె వ్యర్థాలు సముద్రంలో వదిలినందుకు 2016లో 4 కోట్ల డాలర్లు కట్టింది, దాని మాతృసంస్థ కార్నివాల్ 2019లో ఇంకో 2 కోట్లు, అందులో బహామాస్ నీళ్ళలో ప్లాస్టిక్ కలిసిన చెత్త పారబోసిన వ్యవహారం కూడా ఉంది. ఒకే పంట మీద బతికే రైతు గతి ఏమిటో కోవిడ్‌లో తేలిపోయింది, టూరిజం ఒక్కటే పట్టుకుని వేలాడటం మంచిది కాదని చమురు కావాలన్నవాళ్ళు అన్న మాటలో పస ఉంది. గయానా వైపు చూడండి అన్నారు, 2019 చివర్లో అక్కడ చమురు మొదలై దేశం రూపే మారిపోతోంది. అయితే గయానా బీచ్‌లు చూడటానికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. అది పెద్ద తేడా.

మీరు అనొచ్చు, మన కేజీ బేసిన్‌లో తవ్వట్లేదా అని. తవ్వాం, నేనూ తవ్వాను. మాది రాజోలు వైపు ఒక ఊరు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలినప్పుడు ఏడో తరగతి. 65 రోజులు మండింది. రాత్రుళ్ళు మా పెరట్లో దీపం అక్కర్లేదు, ఎర్రటి వెలుగు కొబ్బరాకుల మీద ఆడుతూ ఉండేది, విమానం నెత్తి మీద నిలబడిపోయినట్టు ఒకటే హోరు. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. అయినా ఈ ఉద్యోగంలోనే చేరాను చూడండి. కోనసీమకి కొబ్బరి ఉంది, వరి ఉంది, రొయ్యలున్నాయి, ఆ మంట ఆరాక మా నాన్న మళ్ళీ కొబ్బరికాయలు దింపించుకున్నాడు. బహామాస్ వాడికి ఆ రెండో పంట లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కాకినాడ బయట సీస్మిక్ సర్వే జరుగుతుంటే కొన్నాళ్ళు ఒడ్డున డ్యూటీ పడింది. సర్వే షిప్ వెనక కిలోమీటర్ల పొడవు తీగలు ఈదుతూ ఉంటాయి, వాటికి అడ్డం రావద్దని పడవలవాళ్ళకి చెప్పి రావడం మా పని. ఉప్పాడలో ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ అంతా విని, ఒకే మాట అడిగాడు. ‘సరే బాబూ, గేసు దొరికిందనుకో, పైపు ఎటు పోద్ది?’ నేను తెల్లమొహం వేశాను. తర్వాత కొన్నేళ్ళకి కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా పైపులైను వేశారు. ఆయన అడిగిందానికి అదే జవాబు.

పర్సివరెన్స్-1 ఏమైందంటారా? 3,905 మీటర్ల దాకా వెళ్ళి, ఫిబ్రవరి 2021లో, హైడ్రోకార్బన్ల ఆనవాళ్ళు ఉన్నాయి కానీ అమ్ముకునేంత లేవు అని చెప్పి, సిమెంటు వేసి మూసేశారు. చుక్క కూడా సముద్రంలో పడలేదు, ఆ మాట చెప్పి తీరాలి, రిగ్ వాళ్ళు పని శుభ్రంగా చేశారు. కంపెనీ షేరు కుప్పకూలింది, అదే ఏడాది పేరు ఛాలెంజర్ ఎనర్జీ అని మార్చుకుని ఉరుగ్వే వైపు చూపు తిప్పింది. ఏమీ కాలేదుగా, అనవసరంగా భయపడ్డారు అని ఇప్పుడు ఎగతాళి చేసేవాళ్ళున్నారు. అమ్ముకునేంత చమురు లేదు కాబట్టి ఏమీ కాలేదు. 77 కోట్ల బ్యారెళ్ళూ ఉండి ఉంటే అది ఒక్క బావితో ఆగేదా? చమురు ఎంత ఉందో కొలిచే అప్రైజల్ బావులు, ఉత్పత్తి షిప్ తెచ్చి కట్టడం, పాతికేళ్ళు ట్యాంకర్ల రాకపోకలు. జనం సంతకాలు పెట్టింది దానికి.

పోలికకి బెలీజ్ సంగతి చదవండి. ద్వీపం కాదు కానీ పగడపు దిబ్బ మీద బతికే దేశమే. ప్రభుత్వం రెఫరెండం పెట్టకపోతే 2012 ఫిబ్రవరి 29న జనమే సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నారు, 29 వేల మంది దాకా వేశారు, 96 శాతం వద్దన్నారు. ప్రభుత్వం వెంటనే వినలేదు, కానీ 2017 చివరికి వాళ్ళ సముద్రంలో చమురు పనులన్నీ నిలిపేస్తూ చట్టం వచ్చింది.

ఇక మీ ఆఖరి ప్రశ్న. వెళ్ళేవాడినే. 2020లో మా ఫీల్డ్‌లో రిగ్గులు వరసగా ఆగిపోయాయి, నేను ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాను, కారు ఈఎంఐ కట్టడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం. ఆ డిసెంబర్‌లో ఫోన్ వచ్చి ఉంటే బ్యాగు సర్దుకుని మర్నాడే వెళ్ళేవాడిని, ఆ పిట్ లెవెల్స్ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసేవాడిని కూడా. బావి మూశాక హెలికాప్టర్ ఎక్కి ఇంటికి వచ్చేసేవాడిని, సంక్రాంతికి కాకపోయినా శివరాత్రికైనా.